తుఫానుకు పేరు పెట్టిన నావికుడు: హెన్రీ పిడింగ్టన్

సముద్రమునకు ఎంతో దూరముగా, మహానదీ ప్రాంతపు ఈ మైదానమున, టాటీబంధ్‌లో కాపురముండు మన తెలుగువారికి సముద్రముతో సంబంధము తెగిపోయినదని ఎవరైన తలచినచో అది పొరపాటు. మనలో పెక్కుమంది పూర్వులు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము, గోదావరి మండలములవారు. విజయనగరము రైలుమార్గము పట్టుకొని ఇటు వచ్చినవారు. ఉద్యోగరీత్యా మనమిచ్చట స్థిరపడినను, ఆశ్వయుజ కార్తిక మాసములందు బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినదను వార్త రేడియోలో వినబడగానే ఊరిలోనున్న తల్లిదండ్రులకు, అన్నదమ్ములకు కబురు చేయని తెలుగు ఇల్లు ఇచ్చట లేదు. ఆ వాయుగుండమే తీరము దాటి, ఒడిషా కొండలమీదుగా బలహీనపడి, మన రాయపురమునకు ముసురుగా వచ్చుటయు మనకు అనుభవమే.

ఆ గాలివానకు ప్రపంచమంతయు వాడుచున్న సైక్లోను అను పేరు పెట్టినవాడు ఒక ఓడ కప్తాను. ఆయన పేరు హెన్రీ పిడింగ్టన్. ఆయన పరిశోధనకు మూలమైన ప్రదేశములలో మన గోదావరి ముఖద్వారమునందలి కోరంగి రేవు ఒకటి. అందుచేత ఆయన జీవితకథ మనకు పరాయిది కాదు.

బాల్యము, ఓడ జీవితము

పిడింగ్టన్ 1797లో ఇంగ్లాండు దేశమున ససెక్స్ మండలమునందలి అక్‌ఫీల్డ్ అను ఊరిలో జన్మించెను. వర్తక నౌకలలో పని నేర్చి, క్రమముగా కప్తాను పదవికి వచ్చి, ఇండియా చైనా దేశములకు సరుకులు చేరవేయు ఓడలను నడపెను.

ఆ కాలపు ఓడ అనగా పొగగొట్టముగాని, యంత్రముగాని లేని కొయ్య ఓడ. దానికి గాలియే ప్రాణము, గాలియే మృత్యువు. ఇంగ్లాండునుండి మన దేశమునకు రావలెనన్నచో ఆఫ్రికాఖండము దక్షిణాగ్రమును చుట్టి నాలుగైదు మాసములు నీటిమీదనే బ్రతుకవలెను. రాత్రింబవళ్ళు నాలుగేసి గంటల చొప్పున వంతులు వేసికొని నావికులు కావలి కాయుచుండిరి. అరగంటకొకసారి ఇసుకగడియారమును తిరుగవేసి గంట కొట్టెడివారు. మధ్యాహ్నమున సూర్యుని ఎత్తు కొలిచి ఓడ ఎచ్చటనున్నదో లెక్క కట్టెడివారు. ముళ్ళు వేసిన త్రాడును నీటిలోనికి విడిచి, నియమిత కాలములో ఎన్ని ముళ్ళు జారినవో లెక్కించి వేగము తెలిసికొనెడివారు. ఉప్పు పట్టించిన మాంసము, రాతివలె గట్టిపడిన రొట్టెబిళ్ళలు, పీపాలలో నిలువయుండి వాసన వేయు నీరు, ఇవియే ఆహారము. తూర్పు సముద్రములందు తిరుగు ఓడలలో మన దేశపు కలాసీలు పెక్కుమంది యుండిరి. వారిపై సరంగు, సరంగు క్రింద టిండాలు పెత్తనము చేయుచుండిరి. తెలుగు కలాసీలు బర్మా రేవులకు ఎంతగా పోయెడివారనగా, ఆ దేశమున తెలుగువారికి కోరంగీలు అను పేరే స్థిరపడినది.

ఆ జీవితమున భయముతోపాటు వింతయు కలదు. గాలి నిలిచిపోయిన దినములలో నీరు అద్దమువలె ఉండి, ఓడ వారములకొలది కదలక పడియుండెడిది. ఓడ ముందు డాల్ఫినులు గుంపులుగా ఎగురుచు పోవుట, ఎగిరెడు చేపలు రాత్రివేళ దీపపు వెలుగునకు వచ్చి ఓడపై పడుట, వెనుక సొరచేపలు ఓపికతో వెంబడించుట, దక్షిణ సముద్రములందు పెద్ద రెక్కల ఆల్బట్రాస్ పక్షులు రెక్క కదపకుండ దినములతరబడి ఓడను అనుసరించుట నావికునకు నిత్యదృశ్యములు. బంగాళాఖాతమున ప్రవేశింపగానే నీటిపాములు, తాబేళ్ళు కనబడెడివి. చీకటి రాత్రులందు ఓడ చీల్చుకొని పోవు నీరు నిప్పురవ్వలవలె మెరసెడిది. మన తీరపు జలజీవుల వైవిధ్యము అప్పటికే పండితుల దృష్టికి వచ్చియుండెను. విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు అచ్చట దొరకు 200 చేపలను వర్ణించి, బొమ్మలు వేయించి, జాలరులు పిలుచు తెలుగు పేర్లతో సహా 1803లో లండనునందు ప్రకటించెను.

కాని ఏ నావికుడును ఈ వింతలలో మైమరచి యుండజాలడు. సముద్రపు ఉపరితలము నునుపుగా నున్నను, దూరమునుండి పొడవైన అలలు ఒకదాని వెనుక ఒకటి మెల్లగా వచ్చి ఓడను ఎత్తి దింపుచున్నచో ఎచ్చటనో గాలివాన పుట్టినదని గుర్తు. సాయంకాలమున ఆకాశము ఇటుకరంగు దాల్చుట, పక్షులు నేలవైపు పోవుట, బారోమీటరులో పాదరసము దిగుట దాని వెనుకటి గుర్తులు. గుర్తులు తెలిసినను ఏమి చేయవలెనో మాత్రము ఆనాడు ఎవ్వరికిని తెలియదు. తెరచాపలు దించి, చుక్కాని కట్టివేసి, దేవునిపై భారము వేయుటయే ఆచారముగా నుండెను. ఓడను తుఫాను నడిబొడ్డులోనికే నడిపి నాశనమైన కప్తానులు ఎందరో.

కలకత్తాలో క్రొత్త జీవితము

పిడింగ్టన్ ఓడపని చాలించి కలకత్తాలో స్థిరపడెను. ఆయన బుద్ధి ఒక్క విషయమున నిలుచునది కాదు. భారతదేశపు మొక్కల పేర్లకు ఒక సూచిక తయారుచేసి 1832లో ప్రకటించెను. నేలలను, ఖనిజములను, ఆకాశమునుండి పడిన ఉల్కాశిలలను పరీక్షించెను. బెంగాలు ఏషియాటిక్ సొసైటీతో సన్నిహిత సంబంధము కలిగి, అచ్చటి భూగర్భ సంపదల ప్రదర్శనశాలకు అధికారిగా పనిచేసెను. తరువాత ఓడల ప్రమాదములను విచారించు కలకత్తా నౌకాన్యాయస్థానమునకు అధ్యక్షుడయ్యెను. మునిగిన ఓడల కథలు వినుటయే ఉద్యోగధర్మమైన వానికి, ఆ మునకలను ఎట్లు తప్పింపవచ్చునను ఆలోచన కలుగుట సహజమే.

అప్పటికి అమెరికాలో రెడ్‌ఫీల్డ్ అను ఆయన గాలివానలు సుడివలె తిరుగునని 1831లో వ్రాసియుండెను. ఇంగ్లీషు సైన్యాధికారి విలియం రీడ్ 1838లో గాలివానల ధర్మమును గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. వారు పరిశోధించినవి ముఖ్యముగా అట్లాంటికు సముద్రపు తుఫానులు. మన సముద్రములందును అదే ధర్మము వర్తించునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు పిడింగ్టన్ పూనుకొనెను.

ఆయన పద్ధతి మిక్కిలి ఓపికతో కూడినది. ప్రతి ఓడలోను దినచర్య పుస్తకము ఒకటి ఉండును. గంటగంటకు గాలి ఏ దిక్కునుండి వీచినదో, పాదరసము ఎంతయున్నదో, ఓడ ఎచ్చటనున్నదో అందు వ్రాయుదురు. తుఫాను చిక్కుకొని బయటపడిన ప్రతి ఓడ పుస్తకమును ఆయన సంపాదించెను. కప్తానులకు ఉత్తరములు వ్రాసి అడిగెను. రేవులనుండి, దీపస్తంభములనుండి సమాచారము తెప్పించెను. పిమ్మట సముద్రపటముపై ఒక్కొక్క ఓడను గుర్తించి, ఒకే గంటయందు ఒక్కొక్కచోట గాలి ఎటు వీచినదో బాణపు గుర్తులు వేసెను. ఆ గుర్తులన్నియు కలిసి ఒక చక్రముగా ఏర్పడెను. మరునాటి గుర్తులతో మరియొక చక్రము. చక్రముల నడుమ బిందువులను కలిపినచో తుఫాను నడచిన దారి కనబడెను. ఒంటరి ఓడలో ప్రాణభయముతో వ్రాసికొన్న రెండు పంక్తులు, ఇరువది ఓడల పంక్తులతో కలిసినప్పుడు శాస్త్రమైనవి.

1839 జూనునందలి బంగాళాఖాతపు గాలివాన ఆయన మొదటి పరిశోధనకు విషయము. అదే సంవత్సరము నవంబరులో కోరంగిని ముంచిన తుఫానును కూడ ఆయన పరిశోధించెను. అది మొదలు పండ్రెండు సంవత్సరములకు పైగా ఇరువదికి మించిన వ్యాసములను ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించెను.

కోరంగి కథ

కోరంగి నేడు కాకినాడ యానాముల నడుమనున్న చిన్న ఊరు. నాడు అది తూర్పుతీరమున పేరుపొందిన రేవు. అచ్చట ఓడలు కట్టెడివారు, దెబ్బతిన్న ఓడలను బాగుచేసెడివారు. అట్టి రేవును 1789 డిసెంబరులో తుఫానుతోపాటు ఉప్పెన ముంచివేసెను. ఒకదాని వెనుక ఒకటిగా మూడు మహాతరంగములు వచ్చినవని ఆనాటి వృత్తాంతములు చెప్పుచున్నవి. మొదటి అల ఓడలను త్రాళ్ళు తెంచి పొలములలోనికి తెచ్చిపడవేసెను. తరువాతివి ఊరిని ఊడ్చివేసెను. మృతులు సుమారు 20,000 మంది అని వ్రాసియున్నారు.

పిడింగ్టన్ తన గ్రంథమున ఉప్పెనలను గూర్చి చెప్పునపుడు ఈ కోరంగి వృత్తాంతమును చేర్చెను. గాలికంటె నీరే ఎక్కువమందిని చంపునని ఆయన గ్రహించెను. సుడి నడుమ వాయుభారము తగ్గి సముద్రము కొంత ఉబ్బును. గాలి ఆ నీటిని తీరమువైపునకు త్రోయును. తీరమున లోతు తక్కువైనచో, లేదా అది నదీముఖమైనచో, ఆ నీటికి పోవుటకు చోటులేక గోడవలె లేచి ఊరిపై పడును. మన గోదావరి, కృష్ణా ముఖద్వారములు సరిగా అట్టివే.

పాముచుట్టవంటి గాలి

1845 ఫిబ్రవరిలో మారిషస్ ద్వీపమునకు సమీపమున చార్లెస్ హెడిల్ అను చిన్న ఓడ తుఫానులో చిక్కుకొనెను. అది మారిషసునకు మడగాస్కరునకు నడుమ పశువుల వ్యాపారము చేయు ఓడ. దాని కప్తాను గాలికి వీపునిచ్చి, గాలి ఎటు తీసికొనిపోయిన అటు ఓడను పరుగెత్తించెను. అయిదు దినములు అట్లు పరుగెత్తిన పిమ్మట చూచినచో, ఆ ఓడ ఎంతో దూరము పోలేదు. తుఫాను నడిబొడ్డు చుట్టును అయిదు ప్రదక్షిణములు చేసినది! గానుగెద్దువలె తిరిగిన ఆ ఓడ దినచర్య పిడింగ్టనుకు దొరకెను. గాలి చక్రముగా తిరుగుననుటకు ఇంతకంటె సాక్ష్యము ఏమి కావలెను? అంతేకాదు, గాలి సరియైన వృత్తముగా కాక క్రమముగా లోపలికి చుట్టుకొనుననుటయు దీనివలన బయటపడెను.

ఇట్టి గాలికి తగిన పేరు కావలెనని ఆయన తలచెను. గాలివాన, ఝంఝామారుతము అను అర్థమిచ్చు ఇంగ్లీషు మాటలు గాలి బలమును చెప్పునేగాని దాని నడకను చెప్పవు. గ్రీకు భాషలో చక్రమును, పాముచుట్టను తెలుపు మాటనుండి ఆయన సైక్లోను అను పదము కల్పించెను. 1848లో ప్రకటించిన నావికుల హస్తపుస్తకమున ఆ పదము స్థిరముగా నిలిచెను.

కప్తాను చేతిలో కొమ్ముబిళ్ళ

ఆ పుస్తకమునకు ఆయన ఒక విచిత్రమైన ఉపకరణమును జతచేసెను. పలుచగా చెక్కిన కొమ్ముతో చేసిన పారదర్శకమైన బిళ్ళలు రెండు. భూమధ్యరేఖకు ఉత్తరమున తుఫాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుగాను, దక్షిణమున ముల్లుతోపాటుగాను తిరుగును గనుక ఒక్కొక్క గోళార్ధమునకు ఒక్కొక్కటి. బిళ్ళపై వృత్తములును, గాలి దిక్కులను చూపు బాణములును గీయబడియుండును. కప్తాను సముద్రపటముమీద తన ఓడయున్నచోట, ఆ సమయమున వీచు గాలికి సరిపోవునట్లు బిళ్ళను అమర్చినచో, నడిబొడ్డు ఏ దిక్కున నున్నదో కనబడును. నేడు మనము ఉపగ్రహచిత్రములో చూచు తుఫాను కంటిని, ఆయన కొమ్ముబిళ్ళతో చూపించెను.

ఆయన బోధించిన సూత్రము పామరులకును తెలియునంత తేలికయైనది. బంగాళాఖాతమున తుఫాను గాలికి ఎదురుగా నిలిచినచో నడిబొడ్డు మన కుడిచేతివైపున ఉండును. గాలి దిక్కు ఎట్లు మారుచున్నదో గమనింపవలెను. ఈశాన్యమునుండి తూర్పునకు, తూర్పునుండి ఆగ్నేయమునకు మారుచున్నచో మనము తుఫాను దారికి కుడిప్రక్కన, అనగా ఎక్కువ అపాయకరమైన భాగమున ఉన్నట్లు. వాయవ్యమునుండి పడమరకు, పడమరనుండి నైరృతికి మారుచున్నచో ఎడమప్రక్కన ఉన్నట్లు. దిక్కు మారక గాలి మాత్రము హెచ్చుచున్నచో తుఫాను సూటిగా మనపైకే వచ్చుచున్నది. దీనిని తెలిసిన కప్తాను ఏ వైపునకు తప్పుకొనవలెనో నిర్ణయించుకొనగలడు.

ఈ సూత్రము ఓడలకే కాదు, తీరమునందలి ఊళ్ళకును వర్తించును. మన కోస్తాకు పడమరగా నడచివచ్చు తుఫానునకు ఉత్తరపు ప్రక్కనున్న ఊళ్ళపై గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. ఉప్పెన వచ్చునది ముఖ్యముగా అచ్చటనే. దక్షిణపు ప్రక్కన గాలి నేలనుండి సముద్రమునకు పోవును. నడిబొడ్డు దాటునపుడు గాలి ఒక్కసారిగా నిలిచిపోవును. ఆకాశము తేటపడును, అలసిన సముద్రపక్షులు ఓడలమీదను ఇండ్లమీదను వాలును. అది తుఫాను ముగింపు కాదు. కొంతసేపటికి ఎదురుదిక్కునుండి గాలి రెట్టింపు క్రౌర్యముతో వచ్చిపడును. ఇది తెలియక ఇల్లు విడిచి బయటికి వచ్చి ప్రాణములు కోలుపోయినవారు ఎందరో కలరు.

పిడింగ్టన్ చెప్పినదంతయు తుదిమాట అనరాదు. నడిబొడ్డు సరిగా లంబకోణమున ఉండుననెడి ఆయన లెక్క పూర్తిగా సరియైనది కాదు. గాలి లోపలికి ఎంత ఎక్కువగా చుట్టుకొనునో తరువాతి కాలమున మారిషసునందలి మెల్డ్రం వంటి శాస్త్రజ్ఞులు నిరూపించి సూత్రమును సవరించిరి. కాని ఆ సవరణకు దారి చూపినవి పిడింగ్టన్ ప్రోగుచేసిన దినచర్య పుస్తకములే.

వినబడని హెచ్చరిక

ఆయన జీవితమున మిక్కిలి గంభీరమైన ఘట్టము 1853లో జరిగెను. హుగ్లీనది పూడుకొనిపోవుచున్నదను భయముతో, కలకత్తాకు ఆగ్నేయముగా సుందరవనములలో మాతలా నదియొడ్డున క్రొత్త రేవు కట్టవలెనని ప్రభుత్వము ఆలోచించుచుండెను. పిడింగ్టన్ ఈ విషయమున గవర్నరు జనరలు డల్హౌసీ ప్రభువునకు బహిరంగముగా లేఖ వ్రాసెను. ఆ స్థలము ఉప్పెనలకు నోరు తెరచుకొని యున్నదనియు, ఏదో ఒకనాడు తుఫానుతరంగము వచ్చి రేవును ముంచివేయుననియు ఆయన హెచ్చరించెను. ఆ హెచ్చరికను ఎవరును చెవినిడలేదు. గోదాములు, రేవుకట్టలు, రైలుమార్గముతో కానింగు రేవు వెలసెను.

పిడింగ్టన్ 1858 ఏప్రిలులో కలకత్తాలో కన్నుమూసెను. కానింగు రేవు గతిని ఆయన చూడలేదు. 1867 నవంబరు 1వ తేదీన తుఫాను వచ్చెను, దానితో ఉప్పెనయు వచ్చెను. రేవు ధ్వంసమై, కొన్ని సంవత్సరములలోనే పాడుపెట్టబడెను. అంతకు మూడేండ్లకు పూర్వము, 1864 అక్టోబరు 5న కలకత్తాను తుఫాను చిన్నాభిన్నము చేసెను. నెల తిరుగకుండగనే నవంబరు 1న మన బందరును ఉప్పెన ముంచి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొనెను. చచ్చినవారికి శాస్త్రము తోడ్పడలేదు. తుఫాను వచ్చుచున్నదని ముందుగా చెప్పు ఏర్పాటు అప్పటికి లేదు. ఈ ఘోరముల పిమ్మటనే ప్రభుత్వము మేలుకొని 1865లో కలకత్తా రేవునకు తుఫాను హెచ్చరికలు ఏర్పాటు చేసెను. 1875లో భారత వాతావరణ శాఖ స్థాపితమయ్యెను.

ఆయన మనకిచ్చినది

పిడింగ్టన్ కాలమున ఒక కప్తాను చేతనున్న పాదరసపు గొట్టము, కొమ్ముబిళ్ళ చేయు పనిని నేడు బందరు, విశాఖపట్టణములందలి రాడారులును, ఆకాశమున తిరుగు ఉపగ్రహములును చేయుచున్నవి. అయినను యంత్రము చెప్పినంత మాత్రమున మనుష్యుడు వినవలెనను నియమము లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును మోడుచేసినను, ముందుగా లక్షలాది ప్రజలను తరలించుటచే ప్రాణనష్టము ఎన్నో రెట్లు తగ్గెను. ఈ రెంటికిని నడుమనున్న భేదము గాలి బలమున లేదు. హెచ్చరిక చేయుటయందును, దానిని వినుటయందును కలదు. మాతలా ఒడ్డున వినబడని మాట విశాఖ ఒడ్డున వినబడెను.

కోరంగి రేవు ఇప్పుడు లేదు. ఇసుకమేటలు వేసి, ఓడలు పోయి, ఊరి వైభవము అంతరించెను. ఓడలు నిలిచినచోటు ప్రక్కన మడ అడవి పెరిగినది. 1978లో దానిని వన్యప్రాణి రక్షణస్థలముగా ప్రకటించిరి. నీటిపిల్లులు, బావురుపిల్లులు అచ్చట నివసించుచున్నవి. ఎదురుగానున్న హోప్ ద్వీపపు ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గ్రుడ్లు పెట్టుచున్నవి. ఆ మడచెట్లే అలల తాకిడిని తగ్గించి లోపలి ఊళ్ళకు కొంత రక్షణ కలిగించుచున్నవి. సెలవులకు కాకినాడ పోవువారు పిల్లలను ఆ అడవికి తీసికొనిపోయి, ఆ నీటిపై ఒకప్పుడు తెరచాపల ఓడలు బారులుతీరి యుండెడివని చెప్పవలెను.

పిడింగ్టన్ గొప్ప విద్యాలయములందు చదివినవాడు కాడు, అధికారముగలవాడు కాడు. సముద్రమున నేర్చినదానిని సముద్రమున బ్రతుకువారికే తిరిగి ఇచ్చినవాడు. ఇతరులు పారవేయు పాత దినచర్య పుస్తకములనుండి ప్రాణములను కాపాడు సూత్రమును తీసినవాడు. ప్రభుత్వోద్యోగమున దస్త్రములు వ్రాసి, లెక్కలు కట్టి, రోగుల వివరములు నమోదు చేయు మనకు ఆయన జీవితమున ఒక మంచి పాఠము కలదు. నిజాయితీతో వ్రాసిన ఒక్క పంక్తియైనను వ్యర్థము కాదు. అది ఎన్నడో, ఎచ్చటనో, మనమెరుగని ఒక మనుష్యుని ఒడ్డు చేర్చవచ్చును.